తెర నల్లబడినదేల? – లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవరు చిక్కులు

ఒక ఉన్నత పాఠశాలలో లినక్స్‌తో నడచు కంప్యూటరు ఒకటి కలదనుకొందము. పదవ తరగతి విద్యార్థులు రెండు నెలలుగా దానిలో తమ ప్రాజెక్టు తయారు చేసికొనుచున్నారు. నిన్న సాయంకాలము బడి విడుచు వేళకు అది సరిగానే పనిచేసినది. ‘కొత్త మార్పులు వచ్చినవి, చేర్చమందువా?’ అను ప్రశ్న తెరమీద కనిపించగా ఒక విద్యార్థి సరేనని మీట నొక్కినాడు. పని ముగిసిన పిమ్మట కంప్యూటరు ఆపి ఇంటికి పోయినాడు. నేటి ఉదయము స్విచ్చి వేయగా కొన్ని అక్షరములు పరుగెత్తినవి. తరువాత తెర నల్లబడినది. ఒక మూల చిన్న గీత మాత్రము మినుకుమినుకుమనుచున్నది.

చుట్టుచేరినవారు తలకొక మాట చెప్పుదురు. గ్రాఫిక్స్ కార్డు కాలిపోయినదని ఒకరందురు. డిస్కు చెడినదని మరియొకరందురు. అంతయు తుడిచివేసి మొదటినుండి ఎక్కించుటయే మందని మూడవవారందురు. ఈ మూడవ సలహా అన్నిటికన్న ప్రమాదకరమైనది. మార్పులు చేర్చిన మరునాడే తెర నల్లబడినచో, సాధారణముగా కార్డునకు గాని డిస్కునకు గాని ఏ హానియు జరిగియుండదు. రెండు నెలల శ్రమ ఆ నల్లని తెర వెనుక భద్రముగనే యుండును. తొందరపడి తుడిచితిమా, చెడని దానిని మన చేతితో మనమే చెరిపినవారమగుదుము.

మరి చెడినదేమి? కంప్యూటరులోని రెండు ప్రోగ్రాముల నడుమ పొత్తు చెడినది. ఆ పొత్తు ఎట్టిదో, ఏల చెడునో, దానిని వరుసక్రమమున ఎట్లు పరీక్షింపవలెనో ఈ వ్యాసమున చూతము.

డ్రైవరు ఒక దుబాసీ

కంపెనీవారి కాలమున మచిలీపట్నము, చెన్నపట్నము రేవులలో దొరలకును స్థానిక వర్తకులకును నడుమ దుబాసీలు ఉండెడివారు. ఇరుభాషలు తెలిసిన దుబాసీ లేనిదే బేరము సాగెడిది కాదు. కంప్యూటరులో డ్రైవరు అను ప్రోగ్రాము అట్టి దుబాసీ.

ఇచట ఒక ప్రక్క నున్నది కెర్నెల్. మెమరీని, ప్రాసెసరును, డిస్కును తన అదుపులో నుంచుకొని తక్కిన ప్రోగ్రాములకు పంచిపెట్టు ప్రధాన ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. లినక్స్ అను పేరు నిజమునకు ఈ కెర్నెల్‌దే. రెండవ ప్రక్క నున్నది గ్రాఫిక్స్ కార్డు. తెరమీది బొమ్మ చిన్న చిన్న చుక్కల కూడిక అని మన మెరుగుదుము. వెడల్పున 1920, నిలువున 1080 చుక్కలుగల తెరలో మొత్తము 20,73,600 చుక్కలుండును. సెకనునకు 60 మారులు బొమ్మ మారవలెనన్నచో ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఈ పని చేయుటకే కార్డులో వందలు, వేలు చిన్న లెక్కల యంత్రములను అమర్చి, వానిని ఏకకాలమున నడిపింతురు.

అయితే ఒక్కొక్క తరము కార్డునకు ఒక్కొక్క భాష. ఏ గదిలో ఏ సంఖ్య వ్రాసినచో ఏ పని జరుగునో ఆ కార్డు చేసినవారికే పూర్తిగా తెలియును. కెర్నెల్ చెప్పినదానిని ఆ భాషలోనికి మార్చి కార్డునకు అందించువాడు డ్రైవరు.

ఈ దుబాసీ ఒక్క మనిషి కాడు, ఇద్దరని గుర్తుంచుకొనవలెను. ఒకడు కెర్నెల్‌లోనే కూర్చుండును. వీనిని కెర్నెల్ మాడ్యూల్ అందురు. రెండవవాడు బయట, ఆటలు, బ్రౌజరు, బొమ్మలు గీయు ప్రోగ్రాములు ఉండుచోట ఉండును. ఇతడు లైబ్రరీల రూపమున నుండి, ఆ ప్రోగ్రాములు కోరినదానిని విని లోపలివానికి అందించును. ఎన్విడియా డ్రైవరులో లోపలివాడును బయటివాడును ఒకే వెర్షన్‌కు చెందినవారై యుండవలెను. ఈ నియమము ముందు ముందు మనకు ఉపయోగపడును.

తెరచిన పుస్తకము, మూసిన పెట్టె

ఫిన్లండు దేశపు విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను వెలువరించెను. 1992లో దానిని జీపీఎల్ అను లైసెన్సు క్రిందికి తెచ్చెను. దీని ప్రకారము కెర్నెల్ మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఇంటెల్, ఏఎండీ సంస్థల గ్రాఫిక్స్ కార్డులకు కావలసిన డ్రైవరు మాడ్యూళ్లు నేడు ఈ మూలపాఠములోనే చేరియున్నవి. కెర్నెల్ మారునప్పుడు వానిని కూడ అదేచోట, అదే సమయమున సరిచేయుదురు. కావున ఆ కార్డులలో మనము చెప్పుకొను చిక్కు తక్కువ.

ఎన్విడియా సంస్థ చాలకాలము వేరు త్రోవ త్రొక్కినది. విండోస్‌కును లినక్స్‌కును చాలవరకు ఒకే మూలమునుండి డ్రైవరు తయారుచేసి, దానిని యంత్రభాషలోనికి మార్చి, మూసిన పెట్టెవలె ఇచ్చెడిది. అందువలన కొత్త కార్డు వచ్చినప్పుడు వేగముగ పనిచేయు డ్రైవరు వెంటనే లభించుట లాభము. దానిలోపల నేమున్నదో కెర్నెల్ వ్రాయువారికి తెలియకపోవుట నష్టము.

పెట్టె తెరువకయే లోపలి సంగతి కనుగొనుట భౌతిక శాస్త్ర విద్యార్థులకు కొత్త గాదు. ఇటునుండి ఏమి పంపితిమో, అటునుండి ఏమి వచ్చెనో వరుసగా వ్రాసికొని, నడుమ నేమి జరిగెనో ఊహించి, ఆ ఊహను మరల పరీక్షింతుము. కొందరు ప్రోగ్రామర్లు సరిగా ఇట్లే చేసిరి. మూసిన డ్రైవరు కార్డునకు పంపు సంఖ్యలను గమనించి, కార్డు భాషను కొంత కొంతగా నేర్చికొని, ‘నూవో’ అను డ్రైవరును వ్రాసిరి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు కొత్తది అని అర్థము. 2010లో వెలువడిన 2.6.33 కెర్నెల్‌లో దానిని చేర్చుకొనిరి. కాని 2014 నాటి రెండవ విడత మాక్స్‌వెల్ కార్డులనుండి, కార్డు లోపల నడచు ప్రోగ్రామునకు సంస్థ సంతకము ఉండితీరవలెనను నియమము వచ్చినది. దానితో నూవో ఆ కార్డులను పూర్తి వేగమున నడుపలేకపోయినది. వేగము కావలసినవారు మరల మూసిన పెట్టెనే ఆశ్రయించిరి.

పొత్తు చెడుటకు కారణము

లినక్స్ కెర్నెల్‌కు రెండు ముఖములున్నవి. బయటి ప్రోగ్రాములవైపు ముఖము మారదు. నిన్న నడచిన ప్రోగ్రాము రేపు కూడ నడువవలెనని కెర్నెల్ కర్తలు గట్టిగ పట్టుపట్టుదురు. లోపలివైపు ముఖము మాత్రము మారుచునే యుండును. సుమారు 9 లేక 10 వారములకు ఒక కొత్త కెర్నెల్ వెలువడును. అందులో ఒక ఫంక్షను పేరు మారవచ్చును, ఒకదానికి ఇవ్వవలసిన సంఖ్యల వరుస మారవచ్చును, మరియొకటి పూర్తిగా తొలగిపోవచ్చును. లోపలనున్న డ్రైవర్లన్నిటిని తామే సరిచేయుదురు గనుక వారికిది బాధ గాదు. బయటనుండి వచ్చిన డ్రైవరును సరిచేయువారు వేరు. వారు మేల్కొనులోపల పొత్తు చెడును.

ఇందువలననే ఒక కెర్నెల్‌కు కట్టిన మాడ్యూల్ మరియొక కెర్నెల్‌కు సాధారణముగా పనికిరాదు. ప్రతి కెర్నెల్‌కును మాడ్యూళ్లుంచుకొను అర వేరుగానుండును. ప్రతి మాడ్యూల్‌మీదను అది ఏ కెర్నెల్ కొరకు కట్టబడినదో ముద్ర యుండును. ముద్ర సరిపడనిదానిని కెర్నెల్ లోనికి రానీయదు.

దీనికి ఎన్విడియావారు ఒక ఉపాయము చేసిరి. మూసిన భాగమునకును కెర్నెల్‌కును నడుమ, మూలపాఠము తెరచియున్న ఒక పలుచని పొరను ఇచ్చిరి. ప్రతి కొత్త కెర్నెల్‌కును ఆ పొరను మన కంప్యూటరులోనే మరల కట్టుకొనవలెను. ఈ పనిని మనము మరచినను తనంతట చేయుటకు డెల్ సంస్థవారు 2003లో డీకేఎంఎస్ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. కొత్త కెర్నెల్ చేరగనే అది మాడ్యూల్‌ను కట్టును. కాని కట్టుటకు కంపైలరు కావలెను. ఆ కెర్నెల్‌కే చెందిన హెడర్ ఫైళ్లు కావలెను. అవి లేనిచో కట్టుబడి ఆగిపోవును. చాలమారులు ఆ సంగతి తెరమీద ఒక మూలనెక్కడనో ఒక వరుసగా కనిపించి మాయమగును. ఆనాటికి పాత కెర్నెలే నడచుచున్నది గనుక లోటు తెలియదు. మరునాడు కొత్త కెర్నెల్ లేచును, మాడ్యూల్ ఉండదు, తెర నల్లబడును. మన పాఠశాలలో జరిగినది ఇదియే కావచ్చును.

అయిదు కారణములు

చిక్కు ఎన్ని రూపముల కనిపించినను కారణములు ఎక్కువగా ఈ అయిదింటిలో ఒకటి.

ఒకటి, కొత్త కెర్నెల్‌కు మాడ్యూల్ కట్టబడలేదు. దీనిని పైన చెప్పితిమి.

రెండు, నూవో ముందుగా వచ్చి కార్డును పట్టుకొన్నది. ఒక కార్డును ఒకేసారి ఇద్దరు డ్రైవర్లు నడుపలేరు. ముందు వచ్చినవాడు లేచువరకు రెండవవానికి చోటు లేదు.

మూడు, సంతకము లేదు. నేటి కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అను కావలి యున్నది. అది తెరచియున్నప్పుడు, తాను నమ్మిన తాళపుచెవితో సంతకము చేయబడని మాడ్యూల్‌ను కెర్నెల్ నిరాకరించును. మన ఇంట కట్టిన మాడ్యూల్‌కు మన తాళపుచెవితోనే సంతకము చేసి, ఆ చెవిని ఒకమారు కంప్యూటరునకు పరిచయము చేయవలెను. ఈ పరిచయము కంప్యూటరు మరల లేచునప్పుడు ఒక నీలి తెరమీద జరుగును. అది పది సెకనులు మాత్రమే వేచియుండును. ఆ సమయమున ఎవరును మీట నొక్కనిచో ఏమియు జరుగనట్లే ముందుకు సాగిపోవును. చెవి చేరినదని మన మనుకొందుము, అది చేరదు.

నాలుగు, లోపలివాని వెర్షన్ వేరు, బయటివాని వెర్షన్ వేరు. కంప్యూటరు నడచుచుండగా డ్రైవరును మార్చినచో లైబ్రరీలు కొత్తవి వచ్చి కూర్చుండును, మెమరీలో మాత్రము పాత మాడ్యూలే మిగిలియుండును. ఇరువురికిని మాట కుదరదు. దీనికి చికిత్స మిక్కిలి సులభము, కంప్యూటరును ఒకమారు ఆపి మరల లేపుటయే.

అయిదు, కార్డునకును డ్రైవరునకును తరము కుదరలేదు. కొత్త డ్రైవర్లు పాత కార్డులను క్రమముగా వదలివేయును. ఉదాహరణకు మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరముల కార్డులకు 2025లో వచ్చిన 580 శాఖయే చివరిది. అట్టి కార్డు గలవారు అంతకన్న కొత్త శాఖను ఎక్కించినచో ప్రయోజనముండదు. పాత కార్డునకు పాత శాఖయే తగినది.

పరీక్షించు క్రమము

ఇప్పుడు నల్లని తెర యెదుటికి వత్తము. క్రింద చెప్పు కమాండ్ల పేర్లను తెలుగు లిపిలో వ్రాసితిమి. కీబోర్డుమీద వానిని ఇంగ్లీషు చిన్న అక్షరములతో కొట్టవలెను.

మొదటి ప్రశ్న: కంప్యూటరు బ్రతికియున్నదా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్‌3 మీటలను కలిపి నొక్కవలెను. పేరు అడుగుచు అక్షరముల తెర వచ్చినచో కెర్నెల్ కులాసాగనే యున్నది, బొమ్మల తెర మాత్రమే లేవలేదని అర్థము. రానిచో కంప్యూటరును మరల లేపి, మొదట కనిపించు గ్రబ్ అను పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకొనవలెను. చాల లినక్స్‌లు నిన్నటి కెర్నెల్‌ను పారవేయక ఇట్టి ఆపద కొరకే దాచియుంచును. పాతదానితో తెర వెలిగినచో సగము రోగనిర్ణయము అయినట్లే. కార్డు కాలిపోలేదు, డిస్కు చెడలేదు, దోషము కొత్త కెర్నెల్‌కును డ్రైవరునకును నడుమనే యున్నది. విద్యార్థుల ప్రాజెక్టును ఒక పెన్‌డ్రైవులోనికి తీసికొని, తరువాత నెమ్మదిగా మిగిలిన పరీక్ష చేయవచ్చును. పాత కెర్నెల్‌తోను లేవనిచో అదే పట్టికలో కెర్నెల్ వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అను మాట చేర్చి చూడవలెను. అప్పుడు ప్రత్యేక డ్రైవరు సాయము లేకయే సామాన్యమైన తెర వచ్చుటకు అవకాశమున్నది.

రెండవ ప్రశ్న: కార్డును ఇప్పుడు పట్టుకొనియున్నదెవరు? ఈ ప్రశ్నను, తరువాతి ప్రశ్నలను చిక్కు కనిపించిన కెర్నెల్‌లోనే, అక్షరముల తెరమీద అడుగవలెను. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని కొట్టి, ఖాళీ విడిచి, చిన్న గీతతో ‘కే’ అక్షరము చేర్చినచో ప్రతి కార్డు పేరును, దాని క్రింద దానిని నడుపు డ్రైవరు పేరును కనిపించును. ఎన్విడియా అని యున్నచో మాడ్యూల్ లోనికి వచ్చినది, దోషము బయటి లైబ్రరీలలో నుండవచ్చును. నూవో అని యున్నచో రెండవ కారణమును అనుమానింపవలెను. డ్రైవరు పేరున్న వరుసయే లేనిచో ఒకటి, మూడు, అయిదు కారణములలో నేదో యొకటి.

మూడవ ప్రశ్న: మాడ్యూల్ కట్టబడినదా? ‘యూనేమ్’ అను కమాండునకు చిన్న గీతతో ‘ఆర్’ చేర్చినచో ఇప్పుడు నడచుచున్న కెర్నెల్ సంఖ్య తెలియును. ‘డీకేఎంఎస్ స్టేటస్’ అని కొట్టినచో ఏయే కెర్నెల్‌కు మాడ్యూల్ కట్టబడినదో తెలియును. రెండవ జాబితాలో మొదటి సంఖ్య లేనిచో కారణము దొరికినట్లే. ఆ కెర్నెల్ హెడర్ ఫైళ్లను చేర్చి, మాడ్యూల్‌ను మరల కట్టవలెను.

నాలుగవ ప్రశ్న: కావలివాడు అడ్డగించెనా? ‘మోక్‌యుటిల్’ అను కమాండు సెక్యూర్ బూట్ తెరచియున్నదో లేదో చెప్పును. ‘డీమెస్గ్’ అను కమాండు కెర్నెల్ తన దినచర్యలో వ్రాసికొన్నదంతయు చూపును. సంతకము లేనందున నిరాకరించినచో ఆ మాట అచటనే యుండును. కార్డు పాతదై డ్రైవరు దానిని వదలినచో ఆ సంగతియు సాధారణముగా అచటనే కనిపించును. కెర్నెల్ తాను చేసినదానిని దాచదు, చదువువారే కావలెను.

ఈ ప్రశ్నలకు జవాబులు కాగితముమీద వ్రాసిన పిదపనే మార్పులకు పూనుకొనవలెను. ఒకేసారి ఒక మార్పు మాత్రమే చేసి, కంప్యూటరును మరల లేపి, ఫలితము వ్రాసికొనవలెను. మూడు మార్పులు కలిపి చేయగా తెర వెలిగినను ఏది మందో తెలియదు. వెలుగనిచో ఏది కొత్త రోగమో తెలియదు.

ఒక సామాన్యమైన పొరపాటు

ఆతురత గలవారు కార్డు తయారుచేసిన సంస్థ ఇచ్చు డ్రైవరు ఫైలును నేరుగా దింపుకొని నడుపుదురు. అదివరకే తమ లినక్స్ పంపిణీదారు ఇచ్చిన డ్రైవరు ప్యాకేజీ ఆ కంప్యూటరులో నుండును. ఒక దాని లైబ్రరీలమీద మరియొక దాని లైబ్రరీలు పడి, సగము పాత, సగము కొత్త అగును. నాలుగవ కారణము మనము కొనితెచ్చుకొన్నట్లగును. ఇట్టి కలగాపులగమునకు మందు రెంటిని పూర్తిగా తొలగించి, పంపిణీదారు ప్యాకేజీని మాత్రము మరల చేర్చుట. పంపిణీదారు కెర్నెల్‌ను డ్రైవరును జోడించి ముందుగా పరీక్షించి పంపును గనుక ప్రారంభకులకు ఆ త్రోవయే క్షేమము.

పెట్టె కొంత తెరచుకొన్నది

మూసిన డ్రైవరుమీద లినక్స్‌వారి అసంతృప్తి పాతదే. 2012లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయమున మాటలాడుచు టోర్వాల్డ్స్ ఎన్విడియా ధోరణిని సభాముఖమున కటువుగ నిందించెను. పది సంవత్సరములకు, 2022 మే నెలలో, 515 వెర్షన్‌తో ఆ సంస్థ తన కెర్నెల్ మాడ్యూల్ మూలపాఠమును ప్రకటించినది. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరమునకును, తరువాతి కార్డులకును ఇది పనిచేయును. అంతకు ముందరి కార్డులకు ఈ తెరచిన మాడ్యూల్ పనికిరాదు. మాడ్యూల్ ఎన్నుకొనునప్పుడు దీనిని మరువరాదు.

పెట్టె అంతయు తెరచుకొనలేదు. బయటి లైబ్రరీలును, కార్డులోనే యున్న చిన్న ప్రాసెసరుమీద నడచు ప్రోగ్రామును మూసియే యున్నవి. తెరచిన మాడ్యూల్‌ను కూడ కెర్నెల్‌కు వెలుపలనే కట్టవలసియున్నది గనుక పైన చెప్పిన అయిదు కారణములును నేటికిని వర్తించును. అయినను పొత్తు చెడినప్పుడు లోపలికి తొంగిచూచుటకు ఒక కిటికీ ఏర్పడినది.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులకు ఒక సూచన. కంప్యూటరు చక్కగా పనిచేయుచున్న దినముననే విద్యార్థులచేత మూడు సంగతులు వ్రాయింపుడు: కార్డు పేరు, నడచుచున్న కెర్నెల్ సంఖ్య, డ్రైవరు వెర్షన్. ఆ చీటిని కంప్యూటరు ప్రక్కన అంటింపుడు. మార్పులు చేర్చినప్పుడెల్ల తేదీతో మరియొక వరుస చేర్పింపుడు. ఆరోగ్యముగ నున్నప్పటి వేడి ఇంత అని తెలిసిననే గదా జ్వరము ఎంతో తెలియును. చిక్కు వచ్చిననాడు ఆ చీటిలోని చివరి రెండు వరుసలను పోల్చి చూచినచో, నడుమ మారినదేదో విద్యార్థులే చెప్పగలరు. అప్పుడు అంతయు తుడిచివేయుడను సలహా ఎవరైన నిచ్చినను, ముందు పాత కెర్నెల్‌తో లేపి చూతమని పదవ తరగతి బాలుడే అడ్డుపడగలడు.